కానివ్వండి!

ఒక్క మాటతో బస్తాల కొండను కూల్చిన ఘనుణ్ణి నేను. ఆ మాట పెద్దదేం కాదు, మీరూ రోజూ అనేదే. నవ్వాలనిపిస్తే నవ్వండి, చివరిదాకా నవ్వగలరని మాత్రం హామీ ఇవ్వలేను.

పందొమ్మిదివందల అరవైల్లో మాట. బాపట్లలో డిగ్రీ పరీక్ష తప్పి బలాదూర్ తిరుగుతుంటే, తెనాలిలో ఉన్న మా పెదనాన్న పిలిచి, రేపల్లెలో తన బియ్యం మిల్లుకు నన్ను సూపర్‌వైజర్ని చేశాడు. పంపేముందు పాఠం కూడా చెప్పాడు.

"ఒరేయ్, కూలోడూ ఎద్దూ ఒకటే. ముల్లుగర్ర చూపించకపోతే అడుగెయ్యరు. వాళ్ళ మాట వింటే నెత్తికెక్కుతారు. ఎవడేం చెప్పినా 'కానివ్వండి' అను. అంతే."

"వాళ్ళు చెప్పేది నిజమైతేనో, పెదనాన్నా?"

"నిజమైతే అసలు వినకూడదు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నేను దాన్ని 'నోరు కరుకైతే మిల్లు మంచిది' అని దిద్దుకుని, మీసం మెలేస్తూ రేపల్లె బస్సెక్కాను. మీసం ఇంకా పూర్తిగా రాలేదనుకోండి, అది వేరే సంగతి.

మంచినీళ్ళ కుండ పగిలిందంటే కానివ్వండి. నడుం పట్టేసిందంటే కానివ్వండి. ఎదురు చెప్పినవాడికి మర్నాడు పని ఉండదన్నాను. కొన్నాళ్ళకు నన్ను చూస్తేనే హమాలీలు మాటలు ఆపేసేవారు. అది గౌరవమనుకుని, అద్దం ముందు నుంచుని కనుబొమలు ముడెయ్యడం సాధన చేశాను, పిచ్చి వెధవని.

ఆ వానాకాలంలో ఒకరోజు గోదాములో వడ్ల బస్తాలు పేరుస్తుండగా, దొంతర కిందే నుంచుని అజమాయిషీ చేస్తున్న నా దగ్గరికి మేస్త్రీ మస్తాన్ పరుగున వచ్చాడు.

"బాబుగారూ, కింది వరస చెమ్మెక్కి మెత్తబడిపోయిందండి. దొంతర ఒరుగుతోందండి."

"కానివ్వండి!"

"ఇంకో వరస పేరిస్తే పడుద్దండి."

"కానివ్వమన్నానా!"

"పైన ఏసోబున్నాడండి. దిగమంటానండి."

"పని ఎగ్గొట్టే వేషాలా? దిగితే రేపట్నించి రావద్దని చెప్పు."

ఏసోబు దిగలేదు. ఇంట్లో పిల్లలున్నవాడు ఎలా దిగుతాడు? దొంతరే దిగింది.

దుమ్ము సర్దుకునేసరికి నేను నడుందాకా బస్తాల్లో, పొలం గట్టున పాతిన సరిహద్దు రాయిలా ఉన్నాను. చొక్కాలోంచి వడ్లు కారుతున్నాయి.

"నన్ను తియ్యండ్రా! చచ్చిపోతున్నాను!"

మస్తాన్ ఇటు తిరగనైనా తిరగలేదు. "కానివ్వండి బాబుగారూ" అన్నాడు.

వాళ్ళంతా ఏసోబు మీది బస్తాలు లాగుతున్నారు. అతని కేకలు నాకిప్పటికీ వినపడతాయి. కుడి మోకాలు నుజ్జయిపోయింది. నాకు చొక్కా చిరిగింది, అంతే.

సాయంత్రానికి పెదనాన్న దిగాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"పడుద్దని తెలిసీ పేర్చారా?"

"తెలిసే పేర్చారు, పెదనాన్నా. మస్తాన్ చెబుతూనే ఉన్నాడు. నేనే వినలేదు."

ఆయన నా భుజం తట్టాడు. "అదిరా భయమంటే! తెనాలి పెద్ద మిల్లుకి నువ్వే మేనేజరువి."

"మరి ఏసోబు?"

"కుంటోడు బస్తాలేం మోస్తాడు? మాన్పించెయ్."

మాన్పించాను. తెనాలి వెళ్ళాను. జీతం పెరిగిందని కొత్త చెప్పులు కూడా కొనుక్కున్నాను, సిగ్గులేని జన్మ.

అయితే కొత్త కుర్చీలో కూర్చున్న మొదటి రోజే, దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించి ఘోర శపథం చేశాను: ఇకమీదట ఎవరు 'పడుద్దండి' అన్నా, పడేది బస్తా అయినా బల్లి అయినా సరే, స్వయంగా లేచి వెళ్ళి చూస్తాను. ఆ శపథాన్ని ఈనాటిదాకా నిలబెట్టుకున్నాను. ఏసోబే మళ్ళీ నిలబడలేదు.