ఐదో సీటీ

ఆ రోజుల్లో అన్నీ చేత్తో చేసుకునేవాళ్లం, అందుకే అంత రుచి అని నా ఈడువాళ్లు మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోతాను. నాకు ఆ రోజుల మీద మోజు లేదు, ఫిర్యాదు ఉంది. మొన్న మా కోడలు కొత్త కుక్కర్ తెచ్చింది. కరెంటుది. పప్పూ నీళ్లూ పోసి మీట నొక్కితే తనే ఉడికించి, తనే ఆగిపోయి, పనైందని 'టింగ్' మంటుంది. కూతపెట్టి సీటీ వేయదు, లెక్కపెట్టే పని లేదు. ఇంట్లో అందరూ దాన్ని మెచ్చుకుంటుంటే నేను మాత్రం దానివైపు గుర్రుగా చూస్తూ కూర్చున్నాను. అదేదో నలభై ఏళ్ల ముందే పుట్టి ఉంటే నాకు ఆ పేరు పడేది కాదు కదా! కామాటిపురలో మా చాల్‌లోని ప్రతి గడపకూ నేను 'ఐదు సీటీలు'. బడికి వెళ్తుంటే 'ఐదు సీటీలు పోతున్నది చూడు' అనేవారు. నా పెళ్లిలో, పసుపు బట్టల్లో ఉన్నానన్న కనికరం కూడా లేకుండా, ఒక పెద్దమనిషి పెళ్లికొడుకు చెవిలో 'పిల్ల బంగారం, లెక్కలే రావు' అన్నాడు. ఆయన ఎవరో నాకు గుర్తుంది. ఆ రోజు ఆయన ఏ రంగు చొక్కా తొడుక్కున్నాడో కూడా గుర్తుంది.

చాల్ అంటే వరసగదుల మేడ, అందులో మాది రెండో అంతస్తు. పొడుగాటి వరండా, దాని వెంట వరసగా ఆరు ఖోలీలు (గదిని మేమలాగే అంటాం). మాకూ పక్క ఖోలీకీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్కలు. అవతల చిన్నమ్మ ఉండేది. వరసకు చిన్నమ్మే గానీ, మా చుట్టరికమంతా ఆ చెక్కలదే. ఆవిడ తుమ్మితే ఇవతల మా నాన్న 'నూరేళ్లు' అనేవాడు. ఇంట్లో నాన్న, అమ్మ, అవ్వ, నేను. నాన్న ఇళ్లకు రంగులు వేసేవాడు. అమ్మ పొద్దంతా బీడీలు చుట్టేది. అవ్వ అంటే నాన్నను కన్నతల్లి. పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో సగం మేడలకు తట్టలు మోశానని ఆవిడ చెప్పుకునేది. మిగతా సగం ఎవరు మోశారని నేనొకసారి అడిగి దెబ్బ తిన్నాను. ఆవిడ నోట్లో పైన మూడు పళ్లు, కింద రెండు ఉండేవి. పైవీ కిందివీ ఎప్పుడూ ఎదురుపడేవి కావు. అందుకని మా ఇంట్లో కందిపప్పు వెన్నలా ఉడకాలి. అమ్మ పొద్దున్నే పంపు స్టవ్ మీద గిన్నె ఎక్కిస్తే, కిరోసిన్ వాసనలో, గరిట తిప్పుతూ తిప్పుతూ గంటన్నర నిలబడాల్సి వచ్చేది.

అప్పుడు అమ్మకు గ్రాంట్ రోడ్ దగ్గర ఒక బడిలో ఆయా పని దొరికేలా ఉంది. పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి. సోమవారం నాటికి వస్తానో రానో చెప్పాలి. అమ్మ మొహం ఆ వారమంతా ఎలా ఉందంటే, దీపం వెలిగించి చెయ్యి అడ్డు పెట్టుకున్నట్టు ఉంది. అవ్వ మాత్రం ఒకే మాట పట్టుకుంది. "నౌకరికి పోతె పప్పెవరు ఉడకవెడ్తరు? నా మోకాళ్లా?" సంగతి తెలిసి, వర్లిలో ఉండే మా మేనమామ ఒక రోజు చంకలో డబ్బా పెట్టుకుని వచ్చాడు. అందులో తళతళలాడే ప్రెషర్ కుక్కర్. "పావుగంటల పప్పు మెత్తగైతది అత్తమ్మా" అన్నాడు. అవ్వ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది, ముట్టుకోలేదు.

"ఇది గిన్నె గాదు, బాంబు."

"బాంబు గాదత్తమ్మా, ఆవిరితోని..."

"ఆవిరితోని రైలు నడుస్తది. నా ఇంట్ల రైలు పెడ్తవా?"

చివరికి నాన్న మధ్యస్థం చేశాడు. ఆదివారం కుక్కర్‌లో పప్పు వండాలి. అవ్వ పళ్లకు నచ్చితే అమ్మ ఉద్యోగానికి వెళ్తుంది. నచ్చకపోతే కుక్కర్ వర్లికి, అమ్మ బీడీల చేటకు. "బస్, మాటంటే మాట" అంది అవ్వ. చెక్కలకు అవతలి నుంచి చిన్నమ్మ, ఎవరూ అడగకుండానే, "కుక్కర్ల వండితె రుచి పోతదంట అక్కా" అని తన ఓటు కూడా వేసింది.

ఆదివారం అవ్వ కుక్కర్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఆ తర్వాత కట్టుబాటు వేసింది: అది పొయ్యి మీద ఉన్నంతసేపూ ఖోలీలో ఎవరూ ఉండకూడదు. (ఇది గమనించండి. ఈ కేసులో ఇదే ముఖ్యం.) అమ్మ పప్పూ నీళ్లూ పోసి మూత బిగించి స్టవ్ మీద పెట్టిందో లేదో, కింద నుంచి "నల్లా వచ్చింది!" అని కేక. మా నల్లాకి ఆదివారం లేదు, ముహూర్తం లేదు. రెండు రోజులుగా రాని నీళ్లు. అమ్మ రెండు బిందెలు చంకన పెట్టుకుని మెట్ల వైపు పరుగెత్తుతూ నాతో చెప్పింది: "బిడ్డా, ఐదు సీటీలు. ఐదు కాంగనే స్టవ్ గాలి వదులు. మర్వకు తల్లీ." ఆ 'తల్లీ' అన్న మాటలో ఆవిడ ఉద్యోగమంతా ఉంది. పన్నెండేళ్ల దాన్నైనా నాకది తెలుసు.

నేనూ అవ్వా వరండాలో కూర్చున్నాం. నాన్న ఇంకొంచెం దూరంలో, మెట్లకు దగ్గరగా కూర్చున్నాడు (పారిపోవడానికి కాదని తర్వాత చెప్పాడు). గుమ్మానికి పరదా. నా చేతిలో బొగ్గు ముక్క. లోపల 'సూఁ' అని మొదటి సీటీ రాగానే అవ్వ నా చెయ్యి పట్టుకుని దేవుణ్ని తలుచుకుంది. నేను గుమ్మం చెక్క మీద ఒక గీత గీశాను. రెండోది. ఇంకో గీత. మూడు, నాలుగు వెంటవెంటనే వచ్చాయి. ఐదోది వచ్చింది. ఐదు గీతలు. ఆ గీతలు ఆ గుమ్మం మీద ఏళ్ల తరబడి ఉన్నాయి, కావాలంటే ఎవరైనా లెక్కపెట్టుకుని ఉండొచ్చు. నేను లోపలికి పరుగెత్తి స్టవ్ గాలి వదిలాను. ఆవిరి పోయాక మూత తీశాను. పప్పుగుత్తితో మెదిపితే గింజలు పక్కకు జరిగాయి గానీ నలగలేదు. కుక్కర్ పప్పు ఇలా విడివిడిగా ఉంటుంది కాబోలు, కొత్త ఫ్యాషన్ అనుకున్నాను. అవ్వకు చూపు ఆనదు. గరిటెలో తాలింపు వేసి 'చుయ్' మని అందులో పోసి, "కొత్త గిన్నెల వండింది ముందుగాల్ల ఇరుగుపొరుగు నోట్లె వడాలె" అని ఆజ్ఞాపించింది. కొత్తది ఏది కొన్నా మా చాల్‌లో అదే ఆచారం. నేను మిగతా ఐదు ఖోలీలకూ చిన్న గిన్నెల్లో పప్పు పంచివచ్చాను. ఆ పంపకంలో నేను చూపిన చురుకుదనం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మ నీళ్ల బిందెలతో వచ్చేసరికి అవ్వ పళ్లెం ముందు కూర్చుని ఉంది. అమ్మ గరిట కుక్కర్‌లో పెట్టింది. గరిట కింద గింజల చప్పుడు నాకు వినిపించింది. అమ్మ నావైపు చూసింది. ఆ దీపం ఆరిపోయినట్టు మొహం దించుకుని వడ్డించింది. అవ్వ ముద్ద నోట్లో పెట్టుకుంది. దవడ కుడి నుంచి ఎడమకు వెళ్లింది, ఎడమ నుంచి కుడికి వచ్చింది. గింజ ఆ ఐదు పళ్ల మధ్య దారి దొరక్క తిరుగుతున్నట్టు బుగ్గ మీదే తెలుస్తోంది. చాలాసేపటికి మింగింది. అమ్మ చేతులకేసి చూసింది. బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి పగిలిన చేతులు. ఇంకో ముద్ద పెట్టుకుని, నమలకుండా మింగి, అంది:

"మెత్తగున్నది. వెన్న తీర్గున్నది. పో, రేపు పొయ్యి ఒస్తనని చెప్పు."

అదే సమయానికి నాన్న నోట్లో 'కటక్' మంది.

"అమ్మా, ఇది..."

"నోరు మూసుకోని తిను!"

కథ ఇక్కడితో ఆగి ఉంటే నాకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు. కానీ పంచిన గిన్నెలు ఐదున్నాయి కదా. చివరి ఖోలీలో ఉండే మేస్త్రీ తాత గిన్నె పట్టుకుని వరండాలోకి వచ్చాడు. "ఓ ఒదినే! ఇది పప్పా, కంకరా? సిమెంటు కలిపితె స్లాబు పోస్త!" ఖోలీ ఖోలీ నుంచి నవ్వులు. కుక్కర్ మీద తీర్పు చాల్ మొత్తానికి వెళ్లిపోతోంది. అమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది. పరదా తోసుకుని వరండాలోకి వెళ్లి, నా జబ్బ పట్టుకుని ముందుకు లాగి, అందరూ వినేలా అంది:

"కుక్కర్ మంచిదే. నా కోడలు మంచిగనే పెట్టింది. గీ పోరికి ఐదు లెక్కవెట్ట రాదు!"

నవ్వంతా గిర్రున నా మీదికి తిరిగింది. "ఐదు రాదానె నీకు?" అని మేస్త్రీ తాత తన చేతి వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూపించాడు. నేను గుమ్మం మీది గీతలు చూపించాను. ఎవరు చూస్తారు? మర్నాడు అమ్మ బడికి వెళ్లి వస్తానని చెప్పింది. పాతికేళ్లు ఆ పని చేసింది. నాకు పేరు స్థిరపడింది. ఆ పంతంతోనే పెద్దయ్యాక ఒక కారఖానాలో చొక్కా గుండీలు లెక్కపెట్టి పొట్లాలు కట్టే పనిలో చేరాను. అక్కడ ఉన్నన్నాళ్లూ ఒక్క గుండీ తేడా రాలేదు. ఈ సంగతి చెబుదామంటే చాల్‌లో ఎవరూ అడగలేదు.

ఆ మర్నాటి నుంచి అవ్వ ఇంకో కొత్త అలవాటు పెట్టింది. పప్పు వడ్డించగానే తన పళ్లెంలోంచి మొదటి ముద్ద నెయ్యి వేసి కలిపి నా నోటి ముందు పెట్టేది. "సూడు, ఉడికిందా?" అని అడిగేది. నలుగురిలో మళ్లీ మళ్లీ దెప్పుతోందని నా ఉడుకుమోతుతనం. ముద్ద తినేదాన్ని (నెయ్యి ముద్ద కదా, దాని మీద కోపమెందుకు), జవాబు మాత్రం ఇచ్చేదాన్ని కాదు. మొహం పక్కకు తిప్పుకుని మింగేదాన్ని. నా పెళ్లయ్యే దాకా ఆవిడ అడుగుతూనే ఉంది, నేను చెప్పకుండానే ఉన్నాను. పెళ్లయ్యాక ఎప్పుడైనా పుట్టింటికి వస్తే అప్పుడూ అంతే. ఆ తర్వాత అడగడానికి ఆవిడ లేదు.

పోయిన నెల మా పాత చాల్ ఖాళీ చేస్తున్నారంటే, చిన్నమ్మకు సామాను సర్దిపెడదామని వెళ్లాను. ఆవిడకు ఇప్పుడు ఎనభై దాటాయి. అటక మీది నుంచి గోనెసంచిలో చుట్టిన ఒక కుక్కర్ దింపాను. అచ్చం మా దానిలాంటిదే, కుంకుమ బొట్టు మరక కూడా ఉంది. "ఇదెప్పటిది చిన్నమ్మా?" అన్నాను. ఆవిడ బోసినోటితో నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదు.

"మీ మామ మీకు తెచ్చిన వారమే కొన్న బిడ్డా. రుచి పోతదని నేనే అంటి గద, ఎట్ల చెప్పుకోను? దిష్టి గూడ తగుల్తదని పరుపు కింద దాచిన. మీరు ఆదివారం పెట్టంగనే, మీ చప్పుట్ల నా చప్పుడు కలుస్తదని నేను గూడ పెట్టిన. రెండు సీటీలకే నా పానం గుటుక్కుమన్నది. ఆపేసి మీద పరుపు కప్పిన!"

నేను అటక నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. ఐదులోంచి రెండు తీసేస్తే మూడు. మా కుక్కర్ వేసింది మూడే. (నాకు లెక్కలు రావన్నవాళ్లు ఇది గమనించాలి.) వరండాలో పరదా బయట కూర్చోబెడితే ఏ సీటీ ఏ ఖోలీదో పన్నెండేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది?

"మరి చెప్పలేదేం చిన్నమ్మా, ఇన్నేళ్లు?"

"మీ అవ్వకు ఎరుకనే. ఆ సాయంత్రం గిన్నెకొచ్చి పరుపు కింద కుక్కర్ జూసింది. నేను కాళ్లు పట్టుకున్న. 'నీ పరువు నేను దియ్యనులే' అన్నది. 'కుక్కర్‌ది తప్పంటె కోడలు నౌకరి పోతది. నీదంటె నువ్వు మొహమెత్తుకోలేవు. పిల్లదంటె ఏంబోతది? నాల్గు దినాలు నవ్వి మరుస్తరు' అన్నది. పొయ్యేటప్పుడు గడప దాటంగ కండ్లు తుడ్సుకున్నది. 'నా మనుమరాలు లెక్క మంచిగనే వెట్టింది, పాపం' అన్నది. నిజం జెప్తున్న, ఆ పూట మీ చిన్నాయినకు మీ ఇంటి పప్పే పోసిన. నాదానికన్న నయం, మూడు సీటీలది!"

నవ్వి మరుస్తారట! ఎవరు మరిచారు? నలభై ఏళ్లుగా ఎవరు మరిచారో ఒక్కరి పేరు చెప్పమనండి. ఆ కోపంతోనే ఇంటికి వచ్చాను. రైలంతా అవ్వతో పోట్లాడుతూనే వచ్చాను. చెప్పొద్దూ, సగం దారిలో నా దగ్గర మాటలు అయిపోయాయి. తన పళ్లెంలోంచి ఆ మొదటి నెయ్యి ముద్ద, ఆ 'సూడు, ఉడికిందా' అన్న ప్రశ్న గుర్తొచ్చాయి. మా అవ్వకు క్షమాపణ చెప్పే భాష రాదు. తట్టలు మోసినవాళ్లకు ఎవరు నేర్పుతారు? ఆవిడకు వచ్చిన తీరులో ఆవిడ రోజూ చెబుతూనే ఉంది, నేనే మొహం తిప్పుకుని మింగుతూ వచ్చాను.

నిన్న మధ్యాహ్నం కోడలి కుక్కర్ 'టింగ్' మంది. అదే సమయానికి పై అంతస్తులో ఎవరిదో పాతకాలపు కుక్కర్ సీటీ వేసింది. నాకు తెలియకుండానే వేళ్లు ముడుచుకోవడం మొదలుపెట్టాయి: ఒకటి, రెండు. ఐదోది వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను. తర్వాత పళ్లెంలో పప్పు వేసుకుని, నెయ్యి వేసి కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఎదురుగా ఎవరూ లేరు. "ఉడికిందవ్వా" అన్నాను, కొంచెం గట్టిగానే. కోడలు వంటింట్లోంచి తొంగిచూసి, "నన్ను పిలిచారా అత్తయ్యా?" అంది. లేదన్నాను. అయినా ఆ ఐదు గీతలు మాత్రం సరైనవే. అది నేను ఎప్పటికీ వదలను.