పంజగుట్టలో నిలిచిన చుక్క

మా అత్తవారి వైపు ఎవరైనా పెళ్ళికో పేరంటానికో ఆలస్యంగా వస్తే, "ఏం, పంజగుట్ట మీదుగా వచ్చారా?" అని అడుగుతారు. తెనాలిలో ఉండేవాళ్ళకి పంజగుట్టతో పనేమిటని కొత్తవాళ్ళు వింతపడితే, ఎవరో ఒకరు కథ మొదలుపెడతారు. ఇంటి పిల్లవాడు హైదరాబాదుకి కోచింగుకని వెళ్ళి, క్లాసులు ఎగ్గొట్టి పంజగుట్టలో సినిమాలు చూసేవాడట. అల్లుడుగారు కంప్యూటర్లలో గట్టివాడు కనక ఆఫీసులో కూర్చుని ఫోన్లోనే పట్టేశాడట. అందరూ నవ్వుతారు. ఆ పిల్లవాడు, అంటే మా బావమరిది, ఇప్పుడు నడివయసుకు దగ్గరపడుతున్నవాడు, అతనూ నవ్వుతాడు.

ఆ అల్లుణ్ణి నేనే. ఆ కథ అబద్ధం. అబద్ధమని నాకు చాలాకాలంగా తెలుసు.

అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. రోడ్డు మధ్య రేకులు పాతి, బస్సులూ ఆటోలూ మనుషులూ అందరూ మిగిలిన ఒక్క సందులోంచే పోవాల్సి వచ్చేది. ఆ దుమ్ములోనే, కోర్సుల పేర్లు అచ్చేసిన కాగితాలు పంచేవాళ్ళు మన చేతిలో ఒకటి కుక్కి ముందుకు తోసేవారు. నేను బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. ఎస్.ఆర్. నగర్‌లో హాస్టళ్ళ మధ్య ఒక పాత అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. ఇంజనీరింగు అయిపోయాక మా బావమరిది మా ఇంట్లో దిగి, అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు.

నేను కొత్త ఫోను కొనుక్కుని నా పాతది అతనికిచ్చాను. ఆ పాత ఫోను సంగతి ఇక్కడే చెప్పాలి. ఒకసారి అది చేయిజారి పడితే వెనకభాగం మార్పించాను. అప్పటినుంచి దానికి జీపీఎస్ సరిగా అందేది కాదు. ట్యాంక్‌బండ్ మీద కారులో పోతుంటే మ్యాపులో మా నీలం చుక్క హుస్సేన్‌సాగర్ నీళ్ళ మధ్య కదిలేది. "ఈతొచ్చా మీకు?" అని మా ఆవిడ నవ్వేది. ఫోను ఆపి మళ్ళీ పెట్టడం, దిక్కు సరిచేసుకోవడానికి ఫోనుతో గాలిలో ఎనిమిది అంకె చుట్టడం, లొకేషన్ సెట్టింగులు చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టడం, అన్నీ చేశాను. కాసేపు కుదురుగా ఉండి మళ్ళీ మొదటికొచ్చేది. అలాంటి ఫోను అని తెలిసే ఇచ్చాను. ఇచ్చేముందు దాన్లో, అతను ఎక్కడున్నాడో నా ఫోనులో కనబడేలా ఏర్పాటు చేశాను. "ఊరు కొత్త, ఎక్కడైనా తప్పిపోతే వెతుక్కోవచ్చు" అన్నాను. అతను సరేనన్నాడు.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, తీరిక దొరికి ఊరికే చూశాను. అమీర్‌పేటలో క్లాసులో ఉండాల్సిన చుక్క పంజగుట్టలో, సినిమాహాళ్ళున్న మాల్ పక్కన ఉంది. మర్నాడూ అక్కడే. ఆ తర్వాతా అక్కడే. నీళ్ళలో తేలినప్పుడు నేను నమ్మని చుక్కని, మాల్ పక్కన నిలబడేసరికి నమ్మేశాను.

నా పక్క సీట్లో కూర్చునే నల్గొండ మిత్రుడు కనిపెట్టాడు.

"ఏందన్నా, పొద్దుగాల సంది గా ఫోన్లనే మొకం పెట్టినవ్?"

చెప్పాను.

"అయితే ఏమాయె? పిల్లగాడు రెండు సినిమాలు సూస్తే కొంపలు మునుగుతయా? నువ్వు సూడలేదా గా వయసుల?"

"సినిమా గురించి కాదు. నాకు అబద్ధం చెబుతున్నాడు."

"జర అడుగు మరి. అడగక ముందే ఫికర్ జేస్తవేంది?"

నేను అడగలేదు. రోజూ ఆ చుక్క కనబడే తెరని స్క్రీన్‌షాట్ బొమ్మగా తీసి దాచుకున్నాను. సాయంత్రం అతను రాగానే "క్లాసెలా అయింది?" అనేవాణ్ణి. "బానే అయింది బావగారూ" అనేవాడు. ఆ జవాబునీ మనసులో దాచుకునేవాణ్ణి. ఆఫీసులో మా టీములో పిల్లలకి నేను మొట్టమొదట నేర్పే పాఠం ఒకటుంది: ప్రోగ్రాములో తప్పు కనబడగానే రాయొద్దు, నువ్వే అక్కడికెళ్ళి మళ్ళీ రప్పించి చూడు, వస్తేనే రాయి. అతని ఇన్‌స్టిట్యూట్‌కి మా ఆఫీసు నుంచి ఒక్క ఆటో దూరం. నేను వెళ్ళలేదు.

ఆదివారం మామగారు ఏదో పనిమీద తెనాలి నుంచి వచ్చారు. భోజనాల దగ్గర అందరూ ఉండగా మొదలుపెట్టాను.

"మొన్న మధ్యాహ్నం ఎక్కడున్నావురా?"

"క్లాసులో బావగారూ."

"అటు మొన్న?"

"అప్పుడూ క్లాసే. తర్వాత ల్యాబ్."

ఫోను తీసి మామగారి కంచం పక్కన పెట్టాను. ఆయన ఎడంచేత్తో కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు.

"ఏవిటిది అల్లుడుగారూ, ఈ నీలం బొట్టు?"

"మీ అబ్బాయండీ."

ఒక్కొక్క బొమ్మే జరిపి చూపించాను. బావమరిది కలిపిన ముద్ద అలాగే వదిలేశాడు.

"పంజగుట్టలో నాకేం పని బావగారూ? నేనటు వెళ్ళనే లేదు. కావాలంటే నా పక్కన కూర్చునేవాణ్ణి అడగండి."

"నీ పక్కవాడు నీ మాటే చెబుతాడు. మనుషులు అబద్ధమాడతారు గాని శాటిలైట్లు ఆడవు."

"ఆ ఫోను మీకూ ఇలాగే చేసేది కదండీ," అంది మా ఆవిడ.

"నాకు నీళ్ళలో చూపించేది. రోజూ ఒకే సినిమాహాలు చూపించలేదు."

మామగారు చేయి కడుక్కుని వచ్చారు. ఆయనకి ఎరువుల కొట్టుంది. మాట తక్కువ మనిషి. "బట్టలు సర్దుకో. కొట్లో కూర్చుందువుగాని" అన్నారు.

"వచ్చే నెల్లో ఒక కంపెనీలో వాకిన్ ఇంటర్వ్యూ ఉంది నాన్నా. మా సారు నన్ను పంపిస్తానన్నారు. అంతవరకూ ఉండనివ్వండి. ఆ తర్వాత మీరేం చెప్పినా వింటాను."

మామగారు నా వైపు చూశారు. నేను "ఉండనివ్వండి" అంటే ఉండనిచ్చేవారు. నేను పెరుగు కలుపుకుంటూ కూర్చున్నాను.

వెళ్ళేటప్పుడు ఫోను నా టేబుల్ మీద పెట్టి, "ఇది మీ దగ్గరే ఉంచండి బావగారూ" అన్నాడు. చార్జర్ తీగ నీట్‌గా చుట్టి పక్కనే పెట్టాడు.

ఆ వారంలోనే మా ఆవిడ, "వాడి గొడుగూ టిఫిన్ బాక్సూ అక్కడే ఉండిపోయాయిట, తెచ్చిపెట్టండి" అంది. ఆఫీసు నుంచి వస్తూ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాను. జిరాక్స్ షాపుకీ మెస్‌కీ మధ్య ఇరుకు మెట్లు, రెండో అంతస్తు. చెక్కలతో గదులు విడగొట్టారు, కిటికీలన్నీ ఫ్లెక్సీలతో మూసేశారు. ముందు బల్ల దగ్గరున్నాయన గొడుగు వెతకడానికి లోపలికి వెళ్ళాడు. ఇంటికి ట్రాఫిక్ ఎలా ఉందో చూద్దామని నేను నా ఫోను తీశాను. నా కొత్త ఫోను.

నేనున్న చోటు చూపించే చుక్క పంజగుట్టలో ఉంది. మాల్ పక్కన.

లొకేషన్ ఆపి మళ్ళీ పెట్టాను. పంజగుట్ట. కవరు తీసేశాను. ఫోను ఆపి, మళ్ళీ వెలిగేదాకా ఆ బల్ల ముందు నిలబడ్డాను. పంజగుట్ట. గాలిలో ఎనిమిది చుట్టాను. కోర్సు వివరాలు కనుక్కోవడానికి వచ్చిన ఒకమ్మాయి వింతగా చూసింది. అప్పుడు వై-ఫై, దాని వెనక నడిచే స్కానింగు, రెండూ ఆపి మెట్ల దగ్గరికెళ్ళి ఆకాశం కనిపించే చోట నిలబడ్డాను. చుక్క కాసేపు తడబడి అమీర్‌పేటకి వచ్చింది, నా కాళ్ళ కిందకి. లోపలికొచ్చి వై-ఫై పెట్టాను. మళ్ళీ పంజగుట్టకి ఎగిరింది.

ఆయన గొడుగుతో వచ్చాడు.

"మీ ఇన్‌స్టిట్యూట్ మొదటినుంచీ ఇక్కడేనా?" అని అడిగాను.

"లేదన్నా, పంజగుట్టల ఉంటుండె, మాల్ ఎన్క గల్లీల. ఓనర్ ఖాళీ చెయ్యమన్నడు. గీ మధ్యనే షిఫ్ట్ అయినం."

"సామానంతా అక్కడిదేనా?"

"గవే కుర్చీలు, గవే కంప్యూటర్లు. రౌటర్లు సుత గవే. కొత్తయి ఎవడు కొంటడన్నా?"

ఆకాశం కనబడని గదిలో ఫోను ఉపగ్రహాలని అందుకోలేదు. చుట్టూ ఉన్న వై-ఫై పెట్టెలని చూసి, ఫలానా పెట్టె ఫలానా వీధిలో ఉంటుందని తనకి తెలిసిన లెక్కతో చోటు చెబుతుంది. పెట్టెలు ఊరేగి అమీర్‌పేటకి వచ్చేశాయని దానికింకా తెలియదు. ఆటో ట్రాలీలో కుర్చీలూ బోర్డులూ వేసుకుని వారానికొక ఇన్‌స్టిట్యూట్ మేడ మారే పేటలో ఉంటూ, నాకు ఆ ఆలోచనే రాలేదు. నేను శాటిలైట్ల మీద ప్రమాణం చేశాను. ఆ బొమ్మల్లో శాటిలైట్ల ప్రమేయమే లేదు.

అయినా ఇంకోసారి చేశాను. లోపల, బయట, లోపల. ఎన్నో ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, తప్పు మళ్ళీ రాకూడదని కోరుకుంటూ పరీక్ష చేశాను. వస్తూనే ఉంది.

"మీ బామ్మర్ది ఎందుకొస్తలేడన్నా?" అన్నాడాయన. "ముందు బెంచిల కూసుంటుండె. సారును సవాళ్ళు అడిగి అడిగి సతాయిస్తుండె. గిప్పుడు క్లాస్ మస్తు సప్పగైంది."

"ఊళ్ళో పనుంది" అన్నాను.

ఇంటికెళ్ళాక మా ఆవిడ అడిగింది, "ఏమన్నారు?" అని.

"గొడుగు దొరికింది. బాక్సు కనబడలేదు."

అంతే చెప్పాను. వాకిన్‌కి ఇంకా టైముంది. ఆ రాత్రే ఫోను చేస్తే మర్నాటి రైలుకి అతను వచ్చేసేవాడు. నేను చేయలేదు. ఎందుకని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మామగారు నలుగురిలో "మా అల్లుడుగారు చూస్తే ఇక తిరుగులేదు" అనేవారు. ఆ మాట పోతుందని. అంతకంటే పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండేది.

వాకిన్ అయిపోయాక ఫోను చేశాను. "ఆ ఫోన్లో ఒక్కోసారి తేడా వస్తుంటుందిలేరా. ఏమీ మనసులో పెట్టుకోకు. మళ్ళీ వచ్చి చేరతావా?" అన్నాను. సగం నిజం, అదీ ఉపకారం చేస్తున్న గొంతుతో.

"వద్దులెండి బావగారూ. కొట్లో పని బానే ఉంది" అన్నాడు.

తర్వాత ఇంకోసారి అదే మెట్లెక్కి చూశాను. చుక్క సరిగ్గా అమీర్‌పేటలో నిలబడింది. వచ్చేపోయేవాళ్ళ ఫోన్లన్నీ కలిసి ఆ పెట్టెల కొత్త చోటుని మ్యాపుకి నేర్పేశాయి. మా ఇంట్లో మాత్రం పాత చోటే ఉండిపోయింది. అది మెల్లగా హాస్యమైంది, తర్వాత సామెతలా అయింది.

ఈ మధ్య తెనాలిలో మా బావమరిది గృహప్రవేశానికి వెళ్ళాం. వాన పడి దారిలో ఆలస్యమైంది. గుమ్మంలోనే ఎవరో, "పంజగుట్ట మీదుగానా?" అన్నారు. బడిలో తెలుగు చదవడం ఇప్పుడిప్పుడే కుదిరిన అతని కూతురు పక్కనే ఉంది. కథ అడిగింది. చెప్పారు. అది తండ్రి దగ్గరికెళ్ళి, "నాన్నా, నువ్వు బడి ఎగ్గొట్టి అబద్ధం చెప్పావా?" అంది. నవ్వుతూ కాదు, నిజంగానే అడిగింది. అతను ఎప్పటిలాగే నవ్వబోయాడు, కుదరలేదు. నా వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించడం నాకు తెలిసింది.

అందరం బంతిలో కూర్చున్నాక, మామగారు వింటుండగా చెప్పాను. "వాడు ఏ రోజూ పంజగుట్ట వెళ్ళలేదండీ. క్లాసులోనే ఉన్నాడు. ఫోను తప్పు చూపించింది. అది నాకు అప్పుడే తెలిసింది. చెప్పలేదు."

మామగారు పక్కాయనతో అన్నారు: "చూశారా? మనవరాలి ముందు వాడి పరువు పోకూడదని తన నెత్తిన వేసుకుంటున్నారు. అదీ మా అల్లుడుగారంటే!"

"అది కాదండీ…"

"ఊరుకోండి బాబూ, మీ మంచితనం మాకు తెలీదా? ఆ పులిహోర ఇటు పంపండర్రా."

బంతంతా నవ్వింది. చెప్పినందుకు నా గౌరవం ఇంకాస్త పెరిగింది.

చేతులు కడుక్కునే చోట బావమరిది నాకు తువ్వాలు అందించాడు.

"అప్పట్లో మా క్లాసువాడు ఫోను చేసి చెప్పాడు బావగారూ, అందరి ఫోన్లూ పంజగుట్టే చూపిస్తున్నాయని. మీరు గొడుగు కోసం వెళ్ళినప్పుడు ఫోను పట్టుకుని మెట్ల దగ్గరికీ లోపలికీ తిరిగారని కూడా చెప్పాడు."

"మరి నాన్నగారికి ఎందుకు చెప్పలేదురా?"

"మీరు చెబుతారనుకున్నాను." తువ్వాలు తీసుకుని మడతపెట్టాడు. "వాకిన్ వరకూ చూశాను. ఆ తర్వాత చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే."

నేను నోటితో చెబితే మా వాళ్ళు దాన్ని మంచితనం కింద జమకడుతున్నారు. అందుకని రాస్తున్నాను. ఇది అచ్చయ్యాక ఒక ప్రతి మామగారికి, ఒకటి ఆ పాపకి. పాపకి అర్థమయ్యేలా ఉండాలని చివరి మాట విడిగా రాస్తున్నాను.

అమ్మా, మీ నాన్న క్లాసు ఎగ్గొట్టలేదు. అమీర్‌పేటలో, మెస్ పక్క మెట్లెక్కితే వచ్చే రెండో అంతస్తులో, ముందు బెంచీలో కూర్చుని సారుని ప్రశ్నలడిగేవాడు. అబద్ధం చెప్పింది మావయ్య.