యజమానురాలి సెలవు చీటీలు

పన్నుల శాఖ నుంచి ఆ ఉత్తరం వచ్చిన పొద్దున నేను రైల్లో ఉన్నాను. సింగపూర్‌లో మేముండే పాసిర్ రిస్ లైనుకు చివరి స్టేషన్ కాబట్టి మాకు ఎప్పుడూ సీటు దొరుకుతుంది. హాయిగా కూర్చుని ఫోన్ తెరిచాను. నాది నిజంగా వ్యాపారమేనా, లేక బ్యాంకులో ఉద్యోగం చేస్తూ దానికి కంపెనీ అని పేరు పెట్టుకున్నానా అన్నది వాళ్ళ సందేహం. చాలా మర్యాదగా అడిగారు. మీ పనివేళలు ఎవరు నిర్ణయిస్తారు? మీరు వాడే కంప్యూటర్ ఎవరిది? మీరు రాలేని రోజున మీ బదులు ఇంకొకరిని పంపగలరా? సెలవు ఎవరిస్తారు? ఇన్నేళ్ళ ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ మూడు వారాల్లో పంపండి. నేను దిగాల్సిన స్టేషన్ ఎప్పుడు దాటిపోయిందో కూడా చూసుకోలేదు.

నా కంపెనీలో ఉన్నది నేనొక్కదాన్నే. డైరెక్టరునీ నేనే, పనిమనిషినీ నేనే. ఏడేళ్ళుగా ఒకే బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని చేస్తున్నాను. బ్యాంకు నన్ను ఉద్యోగంలోకి తీసుకోలేదు, నా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. నెలనెలా నేను బిల్లు పంపుతాను, వాళ్ళు కడతారు, నా కంపెనీ పన్ను కడుతుంది. ఇక్కడ మన తెలుగువాళ్ళలో ఇలా పనిచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎక్కడా ఒక్క అబద్ధం రాసిన పాపాన పోలేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ రోజంతా ఆఫీసులో ఎవరు నావైపు చూసినా ఉలిక్కిపడ్డాను.

కంపెనీ పెట్టించిన అకౌంటెంట్ అంకుల్ ఆఫీసు లిటిల్ ఇండియాలో, ఒక నగల దుకాణం పైన ఉంటుంది. ఆయన నెల్లూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఫోన్ చేస్తే, భయపడొద్దు, బ్యాంకు మేనేజరుతో నడిచిన మెయిల్సన్నీ ప్రింట్ తీసి శనివారం పట్టుకురమ్మన్నారు. ఆ పని ఇంట్లో భోజనాల బల్ల మీద పెట్టుకున్నాం. మా ఆయన కాగితాలు సర్దుతుంటే, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి ఒకటి తీసి చదివింది. ఇంకొకటి చదివింది. తర్వాత నా మొహంలోకి చూసి, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అంది:

"అమ్మా, యు ఆర్ ది బాస్ వాట్. హూ ఆర్ యు ఆస్కింగ్?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మిగతా కాగితాలు లాక్కుని చూశాను. అవన్నీ నా సెలవు చీటీలు.

ఈ సంగతి కొంచెం చెప్పాలి. మా బళ్ళో ఆరో తరగతిలో ఇంగ్లీషు మాస్టారు అందరి చేతా మొదట కంఠతా పట్టించింది సెలవు చీటీ. నేను జ్వరంతో బాధపడుతున్నాను గనుక రెండు రోజులు సెలవు దయచేయించ ప్రార్థన, ఇట్లు మీ విధేయురాలు. జ్వరం లేనివాడు కూడా జ్వరమనే రాయాలి, ఎందుకంటే మాకు రాయడం వచ్చిన ఉత్తరం అదొక్కటే. ముప్పై ఏళ్ళ తర్వాత, సింగపూర్‌లో, నా సొంత కంపెనీ నుంచి నేను రాస్తున్నదీ అదే. వరలక్ష్మీ వ్రతానికి ఒక రోజు దయచేయించండి. పన్ను పీకించుకోవాలి, ఒక పూట దయచేయించండి. అమ్మాయికి పరీక్షలు, నాలుగు రోజులు దయచేయించండి. ఒప్పందంలో సెలవు అన్న మాటే లేదు. రాను అని ఒక ముక్క చెప్తే చాలు. కానీ పెద్దాయన్ని అడగకుండా మానేయడమేమిటి అని నా చెయ్యి దానంతటదే రాసేసింది.

మేనేజరు నాకంటే పదేళ్ళు పెద్ద, ఇక్కడి చైనీయుడు, మితభాషి. ప్రతి చీటీకీ జవాబిచ్చారు. "మంజూరు" అని ఒక మాట, దాని కింద ఏదో ఒక మంచి మాట. మా అత్తగారి కంటి ఆపరేషనప్పుడు, వెళ్ళిరా, ఇక్కడ మేం చూసుకుంటాం అని రాశారు. నాకు జ్వరమొచ్చినప్పుడల్లా, బార్లీ నీళ్ళు తాగు, మసాలా తినకు అని రాశారు. అవి చూసుకుని నేను మురిసిపోయేదాన్ని.

శనివారం అంకుల్ అవన్నీ చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"కంపెనీ ఎవరిదమ్మా?"

"నాదే అంకుల్."

"మరి ఆయన్నెందుకు లీవ్ అడిగావు? ఒకటా రెండా, ఏడేళ్ళు అడిగావే. నువ్వు వాళ్ళ ఎంప్లాయీవని నీ చేత్తో నువ్వే రాసిచ్చావు కదమ్మా."

మర్యాదకి అంకుల్, అన్నాను. మర్యాద అని రాయడానికి ఫారంలో గడి లేదన్నారాయన. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ఇది ఉద్యోగమే అని తేలిస్తే ఏడేళ్ళ లెక్కలూ తిరగతోడతారు, పన్ను తప్పించుకోవడానికే కంపెనీ పెట్టానంటారు, జరిమానా వేస్తారు, సంతకాలన్నీ నావే. బ్యాంకు కూడా ఈ బెడద మనకెందుకని ఆ నెలలోనే ఒప్పందం తెంచేస్తుంది. జరిమానా సంగతి నా చెవికెక్కలేదు. తప్పించుకోవడానికి అన్న మాట దగ్గరే ఆగిపోయాను. బస్సులో ఛార్జీ కార్డు సరిగ్గా పలకకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆనించే మనిషిని నేను. నన్ను ఎగవేతదారు అంటారా? మెట్లు దిగి సెరంగూన్ రోడ్డు మీద నిలబడ్డాను. సిగ్గులేకుండా అక్కడే ఏడ్చాను.

మిగిలింది ఒకటే దారి. ఈవిడ మా మనిషి కాదు అని బ్యాంకు నుంచి ఉత్తరం తేవాలి. సోమవారం మేనేజరు గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి సంగతి చెప్పాను. నన్ను కూర్చోమన్నారు. లీగల్ వాళ్ళతో మాట్లాడతానన్నారు. మొహం పాలిపోయింది ఆయనకీ. మంజూరు అని రాసింది ఆయనే మరి.

పది రోజులకు ఉత్తరం వచ్చింది, కింద ఆయన సంతకంతో. ఈ వ్యక్తి మా సిబ్బందిలో లేరు. ఆవిడకు కేటాయించిన స్థలమంటూ మా కార్యాలయంలో లేదు. మాకు కావలసింది పరీక్షించే పని మాత్రమే, దాన్ని ఫలానా మనిషే చేయాలన్న నియమం లేదు. ఆవిడ కంపెనీ తగిన అర్హత ఉన్న ఎవరిని పంపినా మాకు సమ్మతమే. సెలవు కోరుతూ రాసిన మెయిల్స్ రాకపోకల సమాచారంగా మాత్రమే తీసుకున్నాం.

అంకుల్ ఆనందానికి అంతు లేదు.

"రొట్టె విరిగి నేతిలో పడిందమ్మా. ఇంతకంటే మంచి లెటర్ నేనే రాయించినా రాదు."

ఔనంకుల్ అన్నాను. ఉత్తరం మళ్ళీ చదివాను. ఏడేళ్ళుగా కిటికీ పక్కన ఒకే కుర్చీ. వంటగది అరలో నా కప్పు. మధ్యాహ్నం తినే హాకర్ సెంటర్‌లో, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకోసం ఆపిన చోటు. ఉగాదికి నేను పట్టుకెళ్ళే పులిహోర కోసం ముందురోజే అడిగేవాళ్ళు. ఆ ఉత్తరంలో ఒక్క అబద్ధముంటే పోట్లాడేదాన్ని. ఒప్పందం తీసి పక్కన పెట్టుకుని రెండుసార్లు పోల్చి చూశాను. కాగితం ప్రకారం ప్రతి వాక్యం నిజం. అది నిజమైతేనే నేను నిర్దోషిని.

పన్నుల శాఖ రెండు నెలలు చదివింది. నా సంజాయిషీ, ఆ ఉత్తరం చూసి, ఇక చర్య అక్కర్లేదని ఒక పేరా పంపింది. ఇంట్లో మా ఆయన గులాబ్‌జాములు తెచ్చారు.

బ్యాంకువాళ్ళు మాత్రం ఒకసారి రాసినదానికి కట్టుబడ్డారు. నా కుర్చీ ఇంకెవరికో ఇచ్చారు, రోజూ ఖాళీగా ఉన్నచోట కూర్చోమన్నారు. జట్టు భోజనాల జాబితాలోంచి నా పేరు తీసేశారు. కప్పు ఇంటికి తీసుకుపొమ్మని ఒక అమ్మాయి ఎంతో ఇబ్బందిపడుతూ చెప్పింది. మేనేజరు పిలిచి, ఇకమీదట సెలవు అడగొద్దు, తెలియజేస్తే చాలన్నారు. అలా అంటున్నప్పుడు ఆయన నావైపు చూడలేదు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన చేసిందంతా నేను అడిగిందే.

పోయిన నెల నాకు జ్వరం వచ్చింది. పొద్దున్నే ఫోన్ తీస్తే వేళ్ళు అలవాటుగా మొదలుపెట్టాయి. నేను జ్వరంతో బాధపడుతున్నాను గనుక, వరకు వచ్చి ఆగిపోయాను. అంతా చెరిపేసి, అంకుల్ నేర్పినట్టు రాశాను: మా కంపెనీ సేవలు ఈ రోజు అందుబాటులో ఉండవు.

మా అమ్మాయి భుజం మీదుగా చదివి, ఇప్పుడు నిజంగా బాస్‌వి, అని నవ్వింది. జ్వరమా అని నుదుటి మీద చెయ్యి వేసి చూసి బడికి వెళ్ళిపోయింది.

జవాబు వెంటనే వచ్చింది. తెలిసింది, అని ఒకటే మాట. దాని కింద ఇంకేమైనా ఉందేమోనని వేలితో పైకి జరిపి చూశాను, ఏమీ లేదు. కాసేపటికి లేచి, బార్లీ నీళ్ళు నేనే కాచుకున్నాను.