పళ్లెంలో పసుపు నీళ్లు

ఈ ఉదయం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మేనత్త ఒక వీడియో పెట్టింది. ఇత్తడి పళ్లెం మీద ఎవరివో రెండు చేతులు, వాటి మీంచి జారుతున్న పసుపు నీళ్లు. పచ్చకామెర్లు ఇలా చేతుల్లోంచి దిగిపోతాయని, పదిమందికీ పంపి పుణ్యం కట్టుకోమని కింద హిందీలో రాసి ఉంది. తాగుతున్న టీ పక్కన పెట్టేశాను.

అప్పట్లో మేము బిలాస్‌పూర్‌లో, అన్నయ్యకు ఇచ్చిన రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. మా వరస వెనక మురికికాలువ. కుళాయి పైపు వేరే దారిన వస్తే దానికి బెంగ అనుకున్నారో ఏమో, ఆ కాలువలోనే పడుకోబెట్టి తెచ్చారు. కారినచోటల్లా ఎవరికి వారు సైకిల్ ట్యూబు ముక్క చుట్టేవారు. కుళాయి తిప్పితే మొదట గాలి, తర్వాత వాసన, ఆ తర్వాత నీళ్లు. మా వాళ్లు మొదటి బిందె పారబోసి రెండో బిందె తాగేవారు. దాన్ని శుభ్రత అనేవారు.

నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా కాలనీ లైబ్రరీ బెంచీ మీదే, ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. అక్కడ ఆరోగ్య కార్యకర్తల కోసం అచ్చువేసిన ఒక హిందీ పుస్తకం ఉండేది. నవలల కోసం జనం కొట్టుకునేవారు గానీ, దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు. మురుగు కలిసిన నీళ్లతో కామెర్లు వస్తాయని, నీళ్లు మరగకాచి తాగాలని, గర్భిణికి కళ్లు పచ్చబడితే ఒక్కపూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని అందులో ఉంది. నేను ఆ మాటలు ఎత్తినప్పుడల్లా, మాతోనే ఉండే మేనత్త, "డాక్టరమ్మ ఒచ్చింది, కుర్చీ ఎయ్యండి," అనేది.

ఒక ఎండాకాలంలో ఏడో నెల కడుపుతో ఉన్న వదిన కళ్లు పచ్చబడ్డాయి. పుస్తకంలో ఆ పేజీ తెరిచి అన్నయ్య ముందు పెట్టాను. అన్నయ్య ఇంజన్ షెడ్‌లో ఫిట్టరు. డ్యూటీలో కొలత చూడకుండా ఒక్క బోల్టు బిగించడు. ఇంట్లో మాత్రం అత్త మాటే కొలత. "కామెర్లకి ఇంగ్లీసు మందు నేదే పిల్లా. సూది పడిందంటే మనిషి పోద్ది," అంది అత్త. ఉప్పూ నూనే మాన్పించి, బండి మీది చెరుకురసం తెప్పించి పోసింది. ఆ బండివాడి ఐసుగడ్డ తడి గోనెసంచిలో, గోనె మీద ఈగలు. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరూ అడగలేదు. వదిన తాగడం, కక్కుకోవడం. "పైత్యం పోతంది," అని అత్త సంబరపడేది. అలా వారం గడిచింది.

చివరికి అందరం ఆటో ఎక్కి తిఫ్రా వెళ్లాం, కామెర్లు దింపే వైద్‌జీ దగ్గరకు. లారీల గ్యారేజీ పక్కన రేకుల గది. పొద్దుటినుంచీ పారబోసిన నీళ్లతో ఒక మూలంతా పసుపుగా అట్టకట్టి ఉంది, ఈగలు ముసురుతున్నాయి. ఆయన గోళ్లలో నల్లటి మట్టి. ఆ గోళ్లతోనే వదిన చేతులకు ఏదో చెట్టు బెరడు రసం రాసి, సున్నపు తేట పోస్తూ రుద్దాడు. పళ్లెంలోకి పసుపు నీళ్లు జారాయి. "సూసావా, ఎంత దిగిందో!" అని అత్త కళ్లు తుడుచుకుంది.

నేను నా చేతులు చాపి, నాకూ చెయ్యమన్నాను.

"నీకు రోగం లేదు కదా బేటీ," అన్నాడాయన.

"లేదనే చెయ్యమంటున్నాను."

జనం చూస్తుంటే కాదనలేక చేశాడు. నా నీళ్లూ అంతే పసుపు. "చూడత్తా, ఆ రసానికి సున్నం తగిలితే ఎవరి చేతికైనా ఇదే రంగు," అన్నాను. లైబ్రరీ లైబ్రరీ అంతా నా వెనక నిలబడినట్టు అనిపించింది. అత్త గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, దీనికీ ఒచ్చీసింది!" అన్నయ్య చేతులు పెట్టాడు. పసుపే. "ఈడికీనా!" అంటూ అత్త తన చేతులూ చాపింది. పసుపే.

"ఇప్పుడైనా తెలిసిందా?" అన్నాను.

"తెలకేటి? ఇంటిల్లిపాదికీ తగులుకుంది. ఇంత రోగం ఈయన వల్ల ఏటవుద్ది? పదండి, ఆసుపత్రికి ఎల్దాం!"

కళ్లెదుట చూపించినా ఒప్పుకోని మనిషిని భయం క్షణంలో ఆటో ఎక్కించింది.

అత్త రక్తంలో ఏ కామెర్లూ లేవన్నారు. వదినను చూసిన డాక్టరమ్మ మాత్రం, "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అంది. వదిన బతికింది. బిడ్డ దక్కలేదు. "ఆ రోజు పళ్లెంలోకి అంత దిగబట్టే తల్లయినా మిగిలింది," అని అత్త ఇప్పటికీ చెబుతుంది. ఆ నమ్మకంతోనే ఇవాళ వీడియో పంపింది. దాని కింద మా వాళ్లందరూ వరసగా దండాల బొమ్మలు పెట్టారు. వదిన ఏమీ పెట్టలేదు.

కాసేపటికి నాకు ఫోన్ చేసింది. ఆమె అందరిలా తిన్నావా అని అడగదు. "నీళ్లు కాచావా?" అంది, ఎప్పటిలాగే. వాళ్లుంటున్న ఆ క్వార్టర్ల వెనక పైపు ఇంకా ఆ కాలువలోనే ఉందట, ట్యూబు ముక్కలు మాత్రం కొత్తవట. ఎంతటి గాయమైనా కాలమే మాన్పుతుందని లైబ్రరీలో చాలా పుస్తకాల్లో చదివాను. ఒక్కదానిలోనూ ఆధారం చూపించలేదు.