మబ్బు లేని రోజు ఊదిన బావి

కరీంనగర్‌లో మా వీధిలోకి దూదేకే ఆయన వచ్చాడు. పాత పరుపు విప్పి ఏకుతుంటే ఒక పింజ ఎగిరొచ్చి మా కిటికీ చువ్వకు అంటుకుని వణికింది. ఆ వణుకు చూడగానే రాజేశం సార్ గుర్తొచ్చారు. పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను.

నేను సైన్సు టీచరుగా మొదట చేరింది బోథ్ దగ్గరి ఒక బడిలో. సార్ అక్కడ నాకు సీనియర్. ఆయనకు ‘ఎందుకు’ అనే జబ్బు ఉండేది. చాయ్‌లో ఈగ పడితే తీసి పారేసే ముందు అదెలా ఈదుతుందో చూసేవారు. నవ్వుతూ నవ్వుతూనే నేనూ ఆ జబ్బు అంటించుకున్నాను. జవాబు చెప్పే ముందు పిల్లల్ని చూడనివ్వాలని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఒకరోజు తమ పత్తి చేనుకు తీసుకెళ్లారు. అక్కడ నీళ్లెండిన పాత బావి ఉంది. పైన బండలు పరిచి, మనిషి పట్టేంత సందు మాత్రం వదిలారు. ఆ సందు మీద సార్ దారంతో పత్తి పింజ వేలాడదీశారు. పొద్దున మబ్బులో అది పైకి లేచింది, మధ్యాహ్నం ఎండ కాసేసరికి లోపలికి గుంజుకుంది. ఊళ్లోవాళ్లు దయ్యమనేవారు. మబ్బు పట్టి గాలి బరువు తగ్గితే బావి ఊదుతుందని, ఎండ కాస్తే పీలుస్తుందని సార్ వివరించారు. అంతవరకు నాకూ అర్థమైంది.

“కని ఒక్కోరోజు మబ్బు తునక లేకున్నా ఊదుతది మేడం. ఎందుకో తెల్వది. తెల్వక నిద్ర పడతలేదు,” అన్నారు.

లోపల ఏదో పగులు ఉందని, దిగి చూడాల్సిందేనని ఆయన పట్టు. ఊదేటప్పుడు ఆ పగులులోంచి చెడుగాలి వస్తుందేమోనని నేను వద్దన్నాను. ఆయన తమ్ముడు పోశెట్టీ వద్దన్నాడు. వింటేగా! మంచి ఎండ రోజున, పింజ లోపలికి వంగి ఉండగా, చెడుగాలి ఉందో లేదో చూడ్డానికి అక్కడి పద్ధతి ప్రకారం ముందు కందిలి దించారు. దీపం ఆరలేదు. నడుముకు తాడు కట్టుకుని దిగారు. పైన పోశెట్టి, ఇద్దరు కూలీలు తాడు పట్టుకున్నారు. కాసేపటికి పింజ తిరగబడి పైకి లేచింది.

“అన్నా, బాయి ఊదుతుంది, మీదికి రా,” అని పోశెట్టి కేకేశాడని తర్వాత కూలీలు చెప్పారు.

“జర ఆగు,” అన్నారట సార్. పగులులోకి దూరడానికి తాడు విప్పేశారు. ఆ తర్వాత పలకలేదు. పోశెట్టి అదే తాడుతో దిగి, దాన్ని అన్న నడుముకు కట్టి పైకి పంపాడు. పైకి వచ్చాక సార్‌కు ఊపిరి తిరిగింది, కానీ మళ్లీ తాడు వేస్తే పట్టుకోవడానికి పోశెట్టి లేడు. తర్వాత బావి పీలుస్తున్న వేళ అధికారులు వచ్చి పరీక్ష చేసి, లోపల గాలి బాగానే ఉందని చెప్పి వెళ్లిపోయారు.

పోశెట్టి దినాల నాడు నేనక్కడే ఉన్నాను. అతని భార్య లసుమక్క ఏడవలేదు, తిట్టలేదు. సార్ ఎదురుగా వచ్చి కూర్చుంది.

“గంత లోపలికి పోయినవు కద బావా. ఏం దొరికింది?”

“ఏం దొర్కలే.”

“మరి జర ఆగమన్నది దేనికి?”

ఆ తర్వాత రిటైరయ్యేదాకా సార్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పారు. పిల్లలెవరైనా చెయ్యి ఎత్తితే కిటికీ వైపు చూసేవారు. నాకు కోపం వచ్చేది, దాని వెనకే ఏడుపూ వచ్చేది. బావిని మట్టితో పూడ్చేశారు. అది ఎందుకు ఊదిందో ఇక ఎవరికీ తెలియదు.

పిల్లల్ని ఎందుకని అడగమనే నేను ఇప్పటికీ చెప్తాను. అది ఆయన ఇచ్చింది, వదులుకోలేను. కానీ ఏ పిల్లవాడి కళ్లయినా ఆయన కళ్లలా మెరిస్తే ముందు సంతోషం, వెంటనే భయం. వీడి తాడు పైన ఎవరు పట్టుకుంటారో, వాళ్లు కేకేస్తే వీడు వింటాడో లేదో అని ఆ ముఖంలో వెతుకుతాను.