కిమ్ దాకా బావ వెనకాలే

సూరత్ గురించి రాసే పెద్దమనుషులంతా బట్టల బజారుతో మొదలుపెట్టి, తిండి దగ్గర ముగిస్తారు. ఊరి బయటికి సైకిలేసుకుని పోయినవాడు ఒక్కడూ కనబడడు. ఆ రాతలు చదివి చదివి విసిగిపోయి ఇది రాస్తున్నాను. అయితే ఈ ప్రయాణం చేసింది వాళ్ల మీద కోపంతో కాదు, మా బావ మీద కోపంతో.

బావ అంటే మా అక్క మొగుడు లచ్చయ్య. సూరత్ లింబాయత్‌లో సాంచలు నడుపుతాడు. మరమగ్గాలను మేం అలాగే అంటాం. కరోనా రెండో వేవ్‌లో ఆస్పత్రి పాలై బతికి వచ్చాడు గానీ, ఊపిరి సగమే వెంట తెచ్చుకున్నాడు. ఆ చలికాలం మా గల్లీ పిల్లలు పల్లె దారిన కిమ్ అనే ఊరి దాకా సైకిల్ రైడ్ పెట్టారు. బావ అందరికంటే ముందు పేరిచ్చాడు. "కిమ్ దాకా తొక్కితే సోమవారం సాంచల మీదికి పోత. లేకుంటే మన సిరిసిల్లకు టికెట్ తీస్త" అన్నాడు. "జర ఆయన ఎనకనే ఉండు తమ్మీ" అని అక్క నన్ను బతిమాలింది. పెళ్లయిన నాటి నుంచి నా చదువును ఎగతాళి చేస్తున్న మనిషి సిరిసిల్ల పోతే నాకు పోయేదేముంది? అనుకుంటూనే సైకిల్ గొలుసుకు నూనె వేసుకున్నాను.

ఆదివారం ఆరింటికి ఇంకా చీకటే. మనిషికి రెండు వందలు. టిఫిను, అలసినవాళ్లను ఎక్కించుకునే టెంపో అందులోనే. రైడ్ నడిపే శ్రవణ్ సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు. "కాకా, మాస్క్ తియ్యొద్దు, డిస్టెన్స్ రఖ్‌నా. థక్ గయే తో టెంపోల కూసోండ్రి, శరమ్ నహీ" అని బావకు చెప్పాడు.

"టెంపోల మా బామ్మర్ది కూసుంటడు తియ్, పుస్తకం చదువుకుంట" అన్నాడు బావ. పిల్లలంతా పకపకా నవ్వారు.

తాపీ వంతెన దాటి అమ్రోలి చేరేసరికి తెల్లవారింది. అక్కణ్నుంచి సాయణ్ దారి పట్టండి. హైవే ఎక్కితే లారీల పొగే దక్కుతుంది. దారికి రెండు వైపులా చెరకు, మంచులో తడిసిన ఆకుల వాసన. చదునైన నేల. గేర్ల సైకిల్ లేనిదే బయల్దేరొద్దని రాసే నిపుణులు గమనించాలి, మావి పాలవాళ్లు తొక్కే నల్ల సైకిళ్లు. దారి పక్కన ఒక ముసలమ్మ పోంక్ అమ్ముతోంది. లేత జొన్న కంకులను నిప్పుల్లో కాల్చి రాల్చిన పచ్చటి గింజలవి, పైన సేవ్ అనే సన్న కారప్పూస, నిమ్మరసం. "మా ఊళ్లె గివి పిట్టలు తింటయి" అంటూ బావ తనవి తిని, నావీ తిన్నాడు. "సారు ఛే?" అంటూ, బాగున్నాయా అని ముసలమ్మ అడిగితే "బహుత్ సారు, బెన్" అని చేయెత్తి మొక్కాడు.

ముందు బావ, వెనక నేను. ముఖాలకు మాస్కులు, మధ్యలో దూరం. అయినా మాకు ఇబ్బంది లేదు. సాంచల చప్పుడులో మాట వినబడదు కాబట్టి కార్ఖానాల్లో మేం చేతులతోనే మాట్లాడుకుంటాం. అరచేయి అడ్డంగా ఊపితే 'బంద్ చెయ్' అని. ఛాతీ తట్టుకుని సాంచ వైపు వేలు చూపితే 'నావి జర చూడు, ఇప్పుడే వస్త' అని. ఆ సైగ చూశాక పక్కవాడు వాటిని తనవాటిలాగే నడపాలి. అవతలివాడు వచ్చేదాకా ఆపకూడదు. బావ దారి పొడుగునా గుంతలు చూపించాడు, కుక్కను చూపించాడు, నా పొట్టను కూడా.

సాయణ్ దాటాక కాలువ మీద వంతెన వచ్చింది. చిన్న ఎక్కుడే గానీ బావకు కొండయింది. దిగి, హ్యాండిల్ మీద వాలిపోయాడు. కాసేపటికి ఛాతీ తట్టుకుని, సైకిల్ వైపు వేలు చూపించి, పోయి కాలువ గట్టు మీద కూలబడ్డాడు.

వెనకే టెంపో వచ్చి ఆగింది. శ్రవణ్ దిగి బావ సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. నేను సీటు పట్టుకున్నాను.

"ఇడువు. ఆయన బంద్ అనలే."

"అరే కాకా, ఆయన నోరే తెరవలే!"

"చూడుమన్నడు. చూస్తున్న."

"ఏమన్నయితే మీ అక్క నన్ను చంపుతది!"

"ముందు నన్ను చంపుతది. నువ్వు నీళ్లు తే."

ధైర్యంగా అన్నానే గానీ కళ్లన్నీ బావ భుజాల మీదే. అవి ఎగిరెగిరి పడుతున్నాయి. అరచేయి ఒక్కసారి అడ్డంగా కదిలితే నేనే టెంపో ఎక్కించేవాణ్ని. కదలలేదు. నీళ్లు తాగాడు. భుజాలు మెల్లమెల్లగా కుదుటపడ్డాయి. లేచి వచ్చి నా చేతిలోంచి సైకిల్ లాక్కున్నాడు.

"గట్ల పట్టుకున్నవేందిరా, అమ్ముకుందామనా?"

వంతెన మీదికి నడిపించుకుంటూ పోయాడు. అవతలి దిగుడులో ఎక్కి కూర్చున్నాడు. కిమ్ చేరేసరికి పది దాటింది, టిఫినుకు పెట్టిన శనగపిండి ఫాఫ్డాలు చల్లారిపోయాయి. "మా బామ్మర్దితోనే లేటయింది పోరగాండ్లూ" అని చాటించాడు. నేను ఇంకో ఫాఫ్డా అందుకున్నాను. వచ్చేటప్పుడు మనుషులం, సైకిళ్లం అందరం టెంపోలోనే.

యాత్రా పుస్తకాలు చాలా చదివాను. రాసినవాళ్లందరికీ ఎక్కడో ఒక సూర్యోదయంలో తమ ఆత్మ దొరుకుతుంది. నాకు ఆ పూటంతా కనబడింది చెమటకు తడిసిన ఒక వీపు. చెరకు తోటలు దానికి అటూ ఇటూ ఉన్నాయంతే. మళ్లీ చూడమంటే మళ్లీ అదే చూస్తాను. సోమవారం బావ కార్ఖానాకు పోయాడు. మునుపటి ఎనిమిది సాంచలు కాదు, నాలుగే. సాయంత్రం ఎలా ఉన్నాడో చూద్దామని నేనూ పోయాను. సాంచలు వదిలేసి నాకు ఏళ్లయింది. నన్ను చూడగానే ఛాతీ తట్టుకుని, నాలుగు సాంచల వైపూ వేలు చూపించి, చాయ్‌కి వెళ్లిపోయాడు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. బయల్దేరే ముందే 'కాసేపు ఆగుతా'కు ఒక సైగ, 'ఇక నావల్ల కాదు'కు ఇంకో సైగ ఖాయం చేసుకోండి. నీళ్ల సీసా మరిచిపోయినా దారిలో దొరుకుతుంది.