కోట దర్వాజ తీసినవా?

ముందే చెప్పేస్తున్నాను, నాది గోరంతను కొండంత చేసే నోరు. సగం కోసేసి చదువుకోండి. మొన్న మా అమ్మాయి ఫోనులో ఏదో రాజుల సీరియల్ చూస్తూ, "ఈ మొహానికి కిరీటమా!" అని విసుక్కుని వేలితో పక్కకు తోసేసింది. మా రోజుల్లో నచ్చని మొహం టీవీలోనే ఆగేది కాదు. మా ఇంట్లో ఒక పెళ్లినే ఆపబోయింది.

ఎనభైల చివర, బోధన్‌లో మా వాడకట్టంతటికీ ఒకటే టీవీ, అదీ మాదే. ఆదివారం పొద్దున రాజుల సీరియల్ వస్తుందంటే, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ సగం బోధన్ మా ముందరి గదిలోనే ఉండేది; ఊపిరి కూడా వంతులవారీగా పీల్చుకునేవాళ్లం. ఉన్నట్టుండి సేనాపతి వేషానికి కొత్త నటుణ్ని తెచ్చారు. అతను తెర మీదికి రాగానే చాటల్లో చేతులన్నీ ఆగిపోయాయి. అచ్చం మా అక్కకు ఖాయం చేయబోతున్న కోటగిరి ఊరి అబ్బాయే, చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాటా దగ్గర పనిచేసేవాడు: అదే మీసం, అవే వాలుకళ్లు. ఆ సేనాపతేమో శత్రువులతో గుసగుసలాడుతున్నాడు.

మా నాయనమ్మను అవ్వ అనేవాళ్లం. ఇంట్లో ఆమెదే ఆఖరి మాట. "గీ మొకమోడు కోట దర్వాజ తీస్తడు, సూడుర్రి. తీసిండో, గీ సంబంధం నాకొద్దు," అనేసింది.

"అవ్వా, గాయిన వేరు, గీయిన వేరు," అని అక్క మొత్తుకుంది.

"మొకం ఒక్కటే గద బిడ్డా!"

ఆ వారమంతా అక్కకు ముద్ద దిగలేదు.

మళ్లీ ఆదివారం ఆ అబ్బాయి చెరుకుగడల మోపుతో వచ్చి, సంగతేమీ తెలియక అవ్వ పక్కనే కూర్చున్నాడు. తెర మీద సేనాపతి కోట గడియ మీద చెయ్యి వేశాడు. అక్క గోడకు అంటుకుపోయింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అవ్వ గిర్రున అతని వైపు తిరిగింది.

"నిజం చెప్పు కొడుకా, దర్వాజ తీసినవా?"

అతను బిత్తరపోయాడు, అక్క మొహం చూశాడు, చేతులు కట్టుకున్నాడు.

"లేదవ్వా. నమ్మినోళ్ల దర్వాజ దుష్మన్లకు నేనెట్ల తీస్త?"

అవ్వ చాలాసేపు ఆ వాలుకళ్లలోకి చూసి, "చాయ్ పెట్టుర్రి అల్లునికి," అంది.

ఇప్పుడు చేతికో తెర. నచ్చని మొహాన్ని తోసేయడానికి వేలు చాలు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగే అవ్వలే లేరు.

ఇంతకీ నేను కల్పించింది ఒక్కటే: ఆ రోజు కరెంటు పోలేదు. టీవీ స్విచ్చు అక్క వీపు వెనకే ఉంది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. అవ్వ ఒకసారి దాన్ని, ఒకసారి అక్కను చూశాకే అతన్ని ఆ మాట అడిగింది.